ఉప్పల్ మ్యాచ్‌కు ఆరు టికెట్లు ఫోన్‌లో కొనాలె: కొనేటప్పుడు, గేటు దగ్గర ఏమేం చూసుకోవాలె?

నయీంనగర్ చౌరస్తా:

అందరికీ నమస్తే. ఈసారి ఐపీఎల్ మ్యాచ్ చూడటానికి ఆరుగురం ఉప్పల్ పోదామనుకుంటున్నం. నేను, మా ఆవిడ, పదేండ్ల బాబు, నాయిన హన్మకొండ నుంచి బస్సుకు వస్తం. అన్న, వదిన కరీంనగర్ నుంచి నేరుగా వస్తరు. నాయినది బటన్ల ఫోన్. టికెట్లు పెట్టిన రోజు నిమిషాల్లో అయిపోతయి కాబట్టి అన్నీ ముందే తయారు చేసి పెట్టుకోవాలని అడుగుతున్న.

ఆరు టికెట్లు ఒకే ఫోన్‌లో ఉంటే నడుస్తదా, ఎవరిది వాళ్ల ఫోన్‌లో ఉండాల్నా? అన్నకు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపితే సరిపోతదా? పైసలు కట్ అయి టికెట్ రాకపోతే వెంటనే ఏం చెయ్యాలె? స్టేడియం దగ్గర నెట్ దొరకదంటరు, అప్పుడు క్యూఆర్ ఎట్ల చూపించాలె? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

స్కానింగ్ డెస్క్:

ముందుగాల మీరు కొనేది ఏ రకం టికెట్టో చూసుకోండ్రి. పైసలు కట్టే పేజీ కన్నా ముందు పేజీలోనే అది రాసి ఉంటది, చాలామంది చదవకుండనే కింది బటన్ నొక్కుతరు. మొబైల్ టికెట్ అని ఉంటే ఫోన్‌లో ఉన్న క్యూఆర్‌తోనే లోపలికి పోవచ్చు. బాక్సాఫీస్ పికప్ అని ఉంటే ఫోన్‌కు వచ్చింది రసీదు లెక్క, దాన్ని చెప్పిన కౌంటర్‌లో చూపించి కాగితం టికెట్ తీసుకోవాలె. ఆ కౌంటర్ హైదరాబాద్‌లో ఉంటది, ఒక్కోసారి మ్యాచ్ రోజు తెరవనే తెరవరు. అట్లయితే టికెట్ల కోసమే వరంగల్ నుంచి ఇంకోసారి పోయి రావాలె. మూడో రకం ఇంటికి కొరియర్. ఆ సౌకర్యం పెడితే ముందు మీ పిన్ కోడ్ కొట్టి చూడండ్రి. హైదరాబాద్ పిన్ కోడ్‌లకే పంపి, మీ హన్మకొండ 506001కి కుదరదని చెప్పే సందర్భాలు ఉంటయి.

ఇంక మొబైల్ టికెట్ సంగతి. గేటు దగ్గర స్కానర్ క్యూఆర్‌లో ఉన్న కోడ్‌ను చదివి, ఆ కోడ్ లెక్కల్లో ఉందా, ఇదివరకే వాడిన్రా అని ముఖ్యంగ రెండు చూస్తది. మొదటిసారి చదవంగనే ‘వాడినది’ అని పడుతది. అదే కోడ్ రెండోసారి ఎవరి ఫోన్‌లో వచ్చినా ఎర్ర గుర్తే. పైసలు కట్టింది నేనే అని మెయిల్ చూపించినా గేటు మీది పిల్లగాడు చేసేది ఏం ఉండదు, అతని దగ్గర దాన్ని తిరగేసే అధికారం లేదు. హెల్ప్ డెస్క్‌కు పోవాలె. అందుకే క్యూఆర్ కనబడే ఫొటో ఏదీ ఎవరికీ పోనియ్యొద్దు, వాట్సాప్ స్టేటస్‌లో అసలే పెట్టొద్దు. క్యూఆర్ మీద వేలు అడ్డం పెట్టి తీసిన ఫొటోలో కూడా కింద బుకింగ్ నంబర్ కనబడుతనే ఉంటది.

ఆరు ఒక్క ఫోన్‌లో ఉంటే యాప్ అభ్యంతరం చెప్పదు. ఇబ్బంది క్యూ దగ్గర వస్తది. మన స్టేడియంలల్ల తనిఖీకి ఆడోళ్ల వరుస వేరు, మగోళ్ల వరుస వేరు. కొన్ని గేట్ల దగ్గర తనిఖీ అయినంక స్కానింగ్ ఉంటది, కొన్నిచోట్ల స్కానింగ్ ముందు. ఫోన్ మీ చేతిలో ఉండి, మీ ఆవిడ అవతలి వరుసలో నిలబడితే ఆమెను టికెట్ అడుగుతరు, మీరేమో ఇంకా యాభై మంది వెనక ఉంటరు. కాబట్టి కనీసం ఇట్ల పంచుకోండ్రి: మీ ఆవిడ ఫోన్‌లో ఆమెది, బాబుది. మీ ఫోన్‌లో మీది, నాయినది. అన్న ఫోన్‌లో అన్నది, వదిన ఫోన్‌లో వదినది. నాయిన మీ వెంటనే ఉండాలె, మీ ఫోన్ మీద ఒకదాని వెనక ఒకటి రెండు కోడ్‌లు స్కాన్ చేయించి ముందు ఆయనను లోపలికి పంపి, తర్వాత మీరు పోండ్రి. మీరు ముందు పోతే వెనక్కి వచ్చుడు కుదరదు.

పంచేటప్పుడు యాప్‌లో ‘ట్రాన్స్‌ఫర్’ అనో ‘షేర్’ అనో ఏది ఉందో గమనించండ్రి. ట్రాన్స్‌ఫర్ చేస్తే టికెట్ అవతలి ఖాతాకు పోయి మీ దాంట్లో ఉన్న కోడ్ చెల్లకుండ అవుతది. అవతలోళ్లు అదే యాప్ వేసుకొని, మీరు ఏ నంబర్‌కు పంపిన్రో అదే నంబర్‌తో లాగిన్ అయి ఉండాలె. అన్నకు రెండు సిమ్‌లు ఉంటే ఏ నంబర్ అని ముందు అడుగుండ్రి. తప్పు నంబర్‌కు పోయింది వెనక్కి తెచ్చుకోవటం చాలా కష్టం. మామూలు షేర్ అయితే రెండు ఫోన్‌లలో ఒకటే కోడ్ ఉంటది, ముందు ఎవరు చూపిస్తే వాళ్లే లోపలికి.

కాజీపేట జంక్షన్:

హన్మకొండ థియేటర్లలో సినిమా టికెట్‌కు స్క్రీన్‌షాట్ చూపిస్తే పంపిస్తరు కద. మ్యాచ్‌కు ఎందుకు నడవదు?

స్కానింగ్ డెస్క్:

సినిమా టికెట్ కోడ్ కొన్నప్పటి నుంచి ఆట అయ్యేదాక ఒక్కటే ఉంటది. కొన్ని థియేటర్లలో స్కాన్ కూడ చెయ్యరు, సీటు నంబర్ చూసి పంపిస్తరు. పెద్ద మ్యాచ్‌లకు, సంగీత కచేరీలకు రెండు పద్ధతులు వచ్చినయి. ఒకటి, క్యూఆర్ ముందు నుంచి కనబడదు, మ్యాచ్‌కు కొన్ని గంటల ముందే తెరుచుకుంటది. రెండోది, తెరుచుకున్నంక కూడ కోడ్ కొన్ని సెకన్లకు ఒకసారి మారుతది. పక్కన ఒక గీత కదులుతనో, అంకెలు తగ్గుతనో కనబడుతది, దాన్ని చూసి గుర్తుపట్టొచ్చు. అట్లాంటి దానికి పొద్దున తీసిన స్క్రీన్‌షాట్ సాయంత్రం గేటు దగ్గర చెల్లదు. మారే కోడ్ ఉన్న టికెట్‌కు ఫోన్‌లో టైము కూడ సరిగ్గ ఉండాలె. తేదీ, సమయం ‘ఆటోమేటిక్’ మీద లేకుండ ఐదారు నిమిషాలు అటూఇటూ ఉంటే కోడ్ తప్పు అని వచ్చే అవకాశం ఉంది.

కోడ్ మారకపోతే స్క్రీన్‌షాట్ నడుస్తది. అప్పుడు కూడ ఒక్కో టికెట్‌కు ఒక్కో స్క్రీన్‌షాట్ తీసి, పేరు మార్చి పెట్టుకోండ్రి. రెండు క్యూఆర్‌లు ఒకే తెర మీద ఉంటే స్కానర్ ఏది దొరికితే అది చదువుతది, తర్వాత ఏది అయింది ఏది కాలేదు అని తెలువక గేటు దగ్గరనే లొల్లి అయితది.

పైసల లెక్క:

చెల్లింపు గురించి నేను రాస్త. ఎక్కువ మందికి టికెట్ పోయేది సీటు దొరకక కాదు, సీటు పట్టుకున్నంక పైసలు సమయానికి పోక.

సీటు ఎంచుకోంగనే తెర మీద టైమర్ మొదలయితది. ఆ లోపల పైసలు అందితేనే టికెట్. అందుకని అమ్మకం మొదలు కాకముందు ఈ పనులు చేసి పెట్టుకోండ్రి. యాప్‌లో లాగిన్ అయి, పేరు, మెయిల్ సరిచూసుకోవాలె. మెయిల్‌లో ఒక్క అక్షరం తప్పు ఉన్నా టికెట్ ఎటో పోతది. యూపీఐ యాప్‌ను అప్‌డేట్ చేసి, ఒక పది రూపాయలు ఎవరికైనా పంపి బ్యాంకు సర్వర్ పని చేస్తున్నదా చూడాలె.

ఫోన్ కొత్తగ కొన్నా, సిమ్ మార్చినా జాగ్రత్త. కొత్త ఫోన్‌లో యూపీఐ నమోదు చేసినంక మొదటి 24 గంటలు 5,000 రూపాయలకు మించి పోనియ్యరు, ఐఫోన్ అయితే కొన్ని బ్యాంకులు ఇంకా ఎక్కువ సేపు ఆపుతయి. 1,500 చొప్పున ఆరు టికెట్లంటే 9,000, దాని మీద ఫీజులు. అక్కడనే ఆగిపోతది, తెర మీద మాత్రం ‘చెల్లింపు విఫలమైంది’ అని తప్ప కారణం రాదు. పిన్ లేకుండ చిన్న మొత్తాలు కట్టే యూపీఐ లైట్‌తో కూడ కుదరదు, దాంట్లో ఒకసారికి 1,000 రూపాయలే.

ఇంకో దారి కార్డు. డెబిట్ కార్డుతో ఇప్పటిదాక ఆన్‌లైన్‌లో ఏమీ కొనకపోతే దానికి ఆన్‌లైన్ వాడకం మూసి ఉండొచ్చు. 2020 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన అట్ల ఉంది. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌కు పోయి ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి, రోజు పరిమితి కూడ పెంచి పెట్టుకోండ్రి. ఓటీపీ వచ్చే సిమ్ కొనే మనిషి దగ్గరనే ఉండాలె. మీ ఆవిడ కార్డుతో మీరు కొంటుంటే ఓటీపీ ఆమె ఫోన్‌కు పోతది కద.

అమ్మకం మొదలయినంక యాప్ మీ వరుస నంబర్ (క్యూ నంబర్) ఇస్తే పేజీ రిఫ్రెష్ కొట్టొద్దు, వెనక బటన్ నొక్కొద్దు, వైఫై నుంచి డేటాకు మారొద్దు. ఒకే లాగిన్‌ను రెండు ఫోన్‌లలో తెరిస్తే ఒకదాంట్లో బయటికి తోసేస్తది. ఒక్క ఖాతాకు ఇన్ని టికెట్లే అని పరిమితి ఉంటది. ఆరు దొరకకపోతే మీరు నాలుగు, అన్న తన ఖాతాలో రెండు తీసుకోవాలె. అప్పుడు ఏ స్టాండు, ఏ బ్లాకు అని ముందే మాట్లాడుకొని ఇద్దరూ అదే తెరవాలె. పక్కపక్క సీట్ల మీద ఆశ పెట్టుకోకండ్రి, ఒకే బ్లాకు దొరికినా చాలు, ఒకే గేటు నుంచి పోవచ్చు.

ధర చూసి బెదిరిపోకుండ ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతం అయింది. అసలు ధర వెయ్యి అయితే పన్నుతో 1,400. యాప్ వాళ్ల కన్వీనియన్స్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే. టికెట్ ధర దగ్గర రాసింది పన్నుతో కలిపా, పన్ను గాకనా అని ఆఖరి పేజీలో చూసుకోండ్రి. ఖాతాలో లెక్కకు సరిగ్గ సరిపడ పైసలే ఉంచి, ఫీజు దగ్గర ఆగిపోవటం మంచిది గాదు.

పైసలు కట్ అయి టికెట్ రాకపోతే వెంటనే రెండోసారి కట్టొద్దు. ముందు యాప్‌లో ‘నా బుకింగ్స్’ చూడండ్రి, తర్వాత మెయిల్, అందులో స్పామ్ కూడ, తర్వాత మెసేజ్‌లు. టికెట్ కొన్ని నిమిషాలు ఆలస్యంగ వచ్చుడు మామూలే. పది పదిహేను నిమిషాలు అయినా రాకపోతే యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఏం రాసి ఉందో చూడాలె, మీ తర్వాతి అడుగు దాని మీదనే ఆధారపడి ఉంటది.

ఫెయిల్డ్ అని ఉంటే పైసలు అమ్మినోళ్లకు చేరలేదు, పెండింగ్ అని ఉంటే ఇంకా తేలలేదు. రిజర్వ్ బ్యాంక్ 2019లో పెట్టిన గడువు ప్రకారం దుకాణదారుకు పోవాల్సిన యూపీఐ సొమ్ము ఇట్ల మధ్యలో ఆగితే లావాదేవీ రోజు నుంచి 5 రోజుల్లో దానంతట అదే వెనక్కి రావాలె. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు ఇవ్వాలె. అది అడగకుండనే పడాలె, పడకపోతే బ్యాంకుకు రాసి అడగొచ్చు.

సక్సెస్ అని ఉంటే పైసలు యాప్ వాళ్లకు అందినయి, సీటు టైమర్ దాటిపోయి టికెట్ పడలేదు. ఇది బ్యాంకు చేతిలో లేదు, యాప్ వాళ్లే రీఫండ్ వెయ్యాలె, మామూలుగ ఒక వారం పడుతది. వాళ్లకు రాసేటప్పుడు 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్, తేదీ, సమయం, మొత్తం, ఏ మ్యాచ్ అన్నది ఒకే మెయిల్‌లో పెట్టుండ్రి. బ్యాలెన్స్ తగ్గిన స్క్రీన్‌షాట్ పంపితే లాభం లేదు, ఆ 12 అంకెలు లేకుండ వాళ్లు వెతకలేరు. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బ్యాంకు మీద ఫిర్యాదు అయితే 30 రోజులు చూసి రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, పైసా ఖర్చు ఉండదు.

గాజుపలక:

ఫోన్ తెర గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్న. క్యూఆర్ చదవకపోతే చాలామంది ఫోన్‌ను స్కానర్‌కు ఇంకా దగ్గర పెడతరు, దాంతో ఇంకా చదవదు. జానెడు దూరంలో, వంకర లేకుండ, కదలకుండ పట్టుకోవాలె. బ్రైట్‌నెస్ పూర్తిగ పెంచాలె. బ్యాటరీ సేవర్ ఆన్ ఉంటే తెర దానంతట అదే మసకబారుతది, వరుసలో నిలబడంగనే తీసెయ్యండ్రి. డార్క్ మోడ్‌లో కొన్ని యాప్‌లు నల్ల మీద తెల్ల గడులు చూపిస్తయి, పాత స్కానర్లు దాన్ని చదవవు. పక్క నుంచి చూస్తే నల్లగ కనబడే ప్రైవసీ గ్లాసు వేసుకున్నోళ్లు ఫోన్‌ను స్కానర్‌కు నిటారుగ చూపించాలె.

తెర పగిలి ఉంటే పగులు ఎక్కడ ఉందో చూడండ్రి. క్యూఆర్‌లో కొంత భాగం చెడిపోయినా చదివే ఏర్పాటు ఉంటది, తయారు చేసిన తీరును బట్టి 7 నుంచి 30 శాతం దాక. కాని మూడు మూలల్లో ఉండే పెద్ద చతురస్రాలు దానికి ఆనవాళ్లు. గీత వాటి మీదుగ పోతే స్కానర్‌కు అది క్యూఆర్ అనే తెలువదు. రెండు వేళ్లతో చిత్రం చిన్నగ చేసి, పగులు లేని చోటుకు జరిపి చూపించండ్రి. యాప్‌లో చిన్నగ కాకపోతే ఫోన్‌ను అడ్డంగ తిప్పితే జాగా మారుతది. చుట్టూ తెల్ల అంచు మాత్రం కొంత కనబడుతుండాలె, అంచు దాక పెద్దగ చేస్తే కూడ చదవదు.

నయీంనగర్ చౌరస్తా:

చాలా ఉపయోగం అయింది, వరుసలు వేరు అన్న సంగతి నాకు తట్టనే లేదు. ఇంక రెండు అడుగుత. కాగితం టికెట్ రకమే అయితే మా చుట్టాల పిల్లగాడు హైదరాబాద్‌లో ఉన్నడు, మా బదులు అతను తీసుకోవచ్చునా? రెండోది, టికెట్లు దొరకకపోతే కొన్న ధరకే ఇస్తమని వాట్సాప్ గ్రూపుల్లో పెడుతుంటరు, అట్ల కొనొచ్చునా?

స్కానింగ్ డెస్క్:

తీసుకోవచ్చు, కాని నిబంధన చదివి పంపుండ్రి. మామూలుగ అడిగేవి బుకింగ్ మెయిల్, కొన్న మనిషి సంతకంతో ఒక ఉత్తరం, కొన్న మనిషి గుర్తింపు కార్డు నకలు, తీసుకునే మనిషి అసలు గుర్తింపు కార్డు. కొన్నిసార్లు కొన్న మనిషే రావాలంటరు, అప్పుడు ఏ ఉత్తరమూ పనిచెయ్యదు. ముందే తెలిస్తే బుకింగ్‌నే అతని ఖాతాలో చేయించటం మంచిది. ఆధార్ నకలు పంపాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ దించుకొని పంపుండ్రి, నిండు నంబర్‌ది గ్రూపుల్లో తిప్పొద్దు.

కాగితం టికెట్ చేతికి వచ్చినంక దాని మీది క్యూఆరే టికెట్. ఆ క్యూఆర్ మీద మడత పడకుండ, చెమట తగలకుండ పెట్టుకోవాలె. పోతే మళ్ల ఇయ్యరు, ఫోన్‌లో మెయిల్ ఉన్నా సరే.

పైసల లెక్క:

గ్రూపుల్లో అమ్మే టికెట్లు వద్దు. కోడ్ మొదట ఎవరు చూపిస్తే వాళ్లదే అని పైన రాసిన్రు కద, మోసం అంతా దాని మీదనే నడుస్తది. ఒక్క అసలు టికెట్ కొని, దాని స్క్రీన్‌షాట్‌ను పది మందికి అమ్ముతరు. పది స్క్రీన్‌షాట్లూ అసలువే, బుకింగ్ నంబర్ సరిపోతది, పేరు సరిపోతది. గేటు దాక పోయేదాక తేడా తెలువదు. వీడియో కాల్‌లో యాప్ తెరిచి చూపించినా అంతే. అధికారిక యాప్‌లోనే ట్రాన్స్‌ఫర్ ఉండి, టికెట్ మీ ఖాతాకు వచ్చి కూర్చున్నంకనే పైసలు ఇస్త అంటే నిజంగ అమ్మేటోడు ఒప్పుకుంటడు, మోసగాడు ‘ముందు సగం వెయ్యి’ అంటడు. అయినా కొన్నదాని కన్నా ఎక్కువకు అమ్మే బ్లాక్ టికెట్ల మీద పోలీసు కేసులు అయితయి, అందులో ఇరుక్కోవద్దు.

ఇంకో రెండు రకాల మోసం. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికితే పైన దొంగ నంబర్లు కూడ వస్తయి. వాళ్లు స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమంటరు, లేకపోతే రీఫండ్ కోసం క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటరు. పైసలు మన ఖాతాకు రావటానికి పిన్ కొట్టే పనే లేదు. హెల్ప్‌ను యాప్ లోపల నుంచే తెరవాలె. రెండోది, మ్యాచ్ టికెట్ల యాప్ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్, అంటే నొక్కితే నేరుగ ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్. ప్లే స్టోర్ బయటి నుంచి ఏదీ వేసుకోవద్దు. టికెట్లు ఏ యాప్‌లో అమ్ముతున్నరో జట్టు అధికారిక పేజీలో లింకు ఉంటది, దాని మీద నొక్కే పోండ్రి.

పైసలు పోయినయని తెలువంగనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలె. మొదటి గంటలో చేస్తే అవతలి ఖాతాలో సొమ్ము ఆపే అవకాశం ఎక్కువ. రేపు పొద్దుగాల పోలీస్ స్టేషన్‌కు పోదాం అనుకుంటే అప్పటికే అది నాలుగు ఖాతాలు మారుతది.

ఘట్‌కేసర్ దాటినంక:

నెట్ గురించి. వేల మంది ఒకే దగ్గర ఫోన్ తెరిస్తే టవర్ మీద బరువు పడి, సిగ్నల్ గీతలు నిండుగ ఉన్నా డేటా కదలదు. ఓటీపీ మెసేజ్‌లు కూడ ఆలస్యంగ వస్తయి. కాబట్టి యాప్ నుంచి లాగౌట్ కావొద్దు, మ్యాచ్ రోజు యాప్‌ను అప్‌డేట్ చెయ్యొద్దు. అప్‌డేట్ అయినంక మళ్ల లాగిన్ అడిగితే ఓటీపీ కోసం గేటు దగ్గర నిలబడాలె.

బస్సు జనగాం, ఆలేరు, భువనగిరి దాటి ఘట్‌కేసర్ చేరేటప్పటికి ఒకసారి టికెట్ తెరిచి చూడండ్రి. అక్కడ నెట్ బాగుంటది, మ్యాచ్ జనం ఇంకా ఉండరు. క్యూఆర్ అప్పటికే తెరుచుకొని ఉంటే ఫోన్‌ను ఒక్క నిమిషం ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి, టికెట్ నెట్ లేకుండ కూడ తెరుచుకుంటదా చూసుకోవాలె. తెరుచుకుంటే గేటు దగ్గర రంది లేదు. ‘గూగుల్ వాలెట్‌కు చేర్చు’ అనే బటన్ ఉంటే వాడుకోండ్రి, 2024 మే నుంచి మన దేశంలో ఆ యాప్ ఉంది, అందులో చేర్చిన టికెట్ నెట్ లేకున్నా కనబడుతది. నెట్ ఉంటేనే కోడ్ వచ్చే రకం అయితే జనం గుంపులోకి పోకముందే తెరిచి, యాప్ మూసెయ్యకుండ ఉంచుకోవాలె. తెర ఆరిపోయే సమయం పది నిమిషాలకు మార్చి పెట్టుకోండ్రి.

పవర్ బ్యాంక్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఉప్పల్‌లో మ్యాచ్‌లకు పవర్ బ్యాంక్, బ్యాగులు, నీళ్ల సీసాలు, హెల్మెట్లు, బయటి తిండి లోపలికి రానియ్యరు, పోలీసులు ప్రతి మ్యాచ్‌కు ముందు జాబితా ఇస్తరు. వరంగల్ నుంచి బ్యాగుతో వచ్చి గేటు దగ్గర ఎక్కడ పెట్టాలో తెలువక తిరిగేటోళ్లు ఎప్పుడూ కనబడుతరు. జేబుల్లో పట్టేదే తెచ్చుకోండ్రి. బస్సులో పాటలు, వీడియోలు ఆపి గేటు చేరేటప్పటికి ఛార్జింగ్ సగానికి తగ్గకుండ చూసుకోవాలె. మీ నాయిన టికెట్ కూడ మీ ఫోన్‌లోనే ఉంది కాబట్టి మీ ఫోన్ ఆరిపోతే ఇద్దరు బయట ఉంటరు. ఆయన బటన్ల ఫోన్‌లో మీ అందరి నంబర్లు ఎక్కించి, స్టాండు, గేటు, సీటు నంబర్ ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టండ్రి. లోపల జనంలో విడిపోతే ఫోన్ కలవటం కష్టం, చీటీ చూపిస్తే ఎవరైనా సీటు దాక పంపిస్తరు.

ఉప్పల్ చౌరస్తాలో దిగితే స్టేడియం మెట్రో స్టేషన్ అక్కడికి ఒకే స్టేషన్ దూరం. హబ్సిగూడ వైపు పోయే రైలు ఎక్కాలె, నాగోల్ వైపుది గాదు. మెట్రో టికెట్ వాట్సాప్‌లో కూడ వస్తది, అదీ క్యూఆరే. దాన్నీ మ్యాచ్ క్యూఆర్‌నూ ఒకే ఆల్బమ్‌లో కలపొద్దు. స్టేషన్ దిగినంక మీ టికెట్ మీద రాసిన గేటు నంబర్ ప్రకారమే నడవండ్రి, వేరే గేటులో స్కాన్ చేస్తే ‘తప్పు గేటు’ అని వస్తది, చుట్టూ తిరిగి పోవాలంటే పెద్దాయనకు చాలా నడక. రాత్రి ఏడున్నర మ్యాచ్‌కు గేట్లు చాలాసార్లు మూడు గంటల ముందే తెరుస్తరు, ఆరు లోపల లోపలికి పోతే తోపులాట ఉండదు.

నయీంనగర్ చౌరస్తా:

అన్నా, ఆఖరుగ ఒకటి. వాన పడి మ్యాచ్ ఆగితే పైసలు వస్తయా? తిరుగు బస్సు ఎట్ల?

ఘట్‌కేసర్ దాటినంక:

రీఫండ్ సంగతి టికెట్ నిబంధనల్లో రాసి ఉంటది. సాధారణంగ ఒక్క బంతి కూడ పడకుండ రద్దు అయితేనే టికెట్ ధర వెనక్కి ఇస్తరు, ఆట మొదలయ్యి ఆగిపోతే ఇయ్యరు. కన్వీనియన్స్ ఫీజు తిరిగి రాదనే అనుకోండ్రి. వచ్చే సొమ్ము ఏ ఖాతా నుంచి కట్టిన్రో దానికే పోతది, టికెట్ ట్రాన్స్‌ఫర్ చేసుకున్నోళ్లకు రాదు. అన్న మీకు తన వాటా ఇచ్చి ఉంటే ఆ లెక్క మీరూ మీరూ చూసుకోవాలె.

రాత్రి మ్యాచ్ పదకొండున్నర దాటుతది, మెట్రో ఆ రోజు ఎంతసేపు నడుస్తదో ముందే చూసుకోండ్రి. మీకు మెట్రో లేకున్నా ఉప్పల్ చౌరస్తాకు నడిచి రావొచ్చు. వరంగల్ బస్సులు అటునుంచే పోతయి. టీజీఎస్‌ఆర్‌టీసీలో తిరుగు టికెట్ ఇప్పుడే చేసుకుంటే ఎక్కే చోటు ఎంజీబీఎస్ గాకుండ ఉప్పల్ అని ఎంచుకోండ్రి, ఒంటి గంట తర్వాతి బస్సు చూసుకోండ్రి. బస్ నంబర్, బస్సోళ్ల ఫోన్ నంబర్ బయలుదేరే ముందు మెసేజ్‌లో వస్తయి. అది స్టేడియం లోపల ఉన్నప్పుడే వచ్చే అవకాశం ఉంది కాబట్టి బయటికి వచ్చి నెట్ అందంగనే మెసేజ్‌లు ఒకసారి తెరిచి చూడండ్రి.